తెల్లమైనం

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు పనికొచ్చేలా నాలుగు మంచి మాటలు రాసివ్వమని అడిగారు. నా దగ్గర నాలుగు లేవు. ఒక్కటే ఉంది, అదీ మంచి మాట కాదు. 'కల్తీ' అన్న మాట. ముప్పై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగంలో నేను రాసినవాటిలో నాకు బాగా గుర్తున్నది అదొక్కటే. మిగతావన్నీ చెదలు తినేశాయి. దాన్ని చెదలు కూడా ముట్టలేదు.

బాపట్లలో తేనె, మైనం నాణ్యత చూసే ఒక చిన్న పరీక్ష కేంద్రంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. రెండు గదులు, ఒక వరండా, ఆ రెండు గదులకూ సరిపోనంత పెద్ద బోర్డు. చుట్టుపక్కల పల్లెల్లో తేనె పట్టేవాళ్లు తెచ్చిన సరుకును మేం పరీక్ష చేసి, బాగుంటే ముద్ర వేసేవాళ్లం. ముద్ర పడిన సరుకును మా స్టోరు కొని, కావలసినవాళ్లకు అమ్మేది. నేను కెమిస్ట్రీ చదివినదాన్ని. ఆ జిల్లాలో మైనం గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని గట్టిగా నమ్మేదాన్ని. నా చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ తెలియకపోవడమే ఆ నమ్మకానికి ఆధారం.

మా ఆఫీసరుగారు అంతకుముందు చేపల పెంపకంలో పనిచేసి వచ్చారు. ఆయన దృష్టిలో ఈగకీ చేపకీ ఉన్న తేడా ఒకటి ఎగురుతుంది, ఒకటి ఈదుతుంది అన్నంత వరకే. ఏటా ఒకసారి తేనె పట్టేవాళ్లను పిలిచి శిక్షణ అని పెట్టేవారు. ఒక ఏడాది బ్యానరు మీద 'తేనెటీగల పెంపకం' అని ఉండాల్సింది 'తేనెటీగల పంపకం' అని అచ్చయి వచ్చింది. మనిషికి ఎన్ని ఈగలు పంచుతారో తెలుసుకుందామని కాబోలు ఆ ఏడు జనం బాగానే వచ్చారు. సారు ఫోన్‌లో చూసుకుంటూ ముప్పావుగంట మాట్లాడారు. ఈజిప్టులో శవాలకు మైనం పూసేవారని, రోము రాజులు మైనం పలకల మీద రాసుకునేవారని. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకాయన లేచి, "సార్, ఆ రాజులు మా మైనం కొంటారాండి?" అని అడిగాడు. అందరూ నవ్వారు. సారు కూడా నవ్వారు. ఎందుకు నవ్వారో ఆయనకు అర్థమయిందని నేననుకోను.

ఈజిప్టు దాకా పోనక్కర్లేదు. మా పక్కింటి మామ్మ కుంకుమ భరిణెలో ఒక మూల చిన్న మైనం ముద్ద ఉండేది. పొద్దున్నే స్నానం చేసి, ఉంగరపు వేలితో మైనం నుదుటికి అద్ది, దాని మీద కుంకుమ పెట్టుకుంటే సాయంత్రం దాకా చెదిరేది కాదు. మాది లూథరన్ ఇల్లు. మాకు బొట్టు లేదు గానీ, ఆ వాసన కోసం నేను భరిణె మూత తీసి ముక్కుకు దగ్గరగా పెట్టుకునేదాన్ని. వీణ మెట్లు నిలబడేది మైనంలోనే. చెప్పులు కుట్టే దారానికి, పగిలిన మడమలకు, పోతపోసే విగ్రహాలకు అన్నిటికీ అదే కావాలి. మా వీధిలో ఒకావిడ, ఎవరో తనకు మైనం బొమ్మ చేసి సూదులు గుచ్చారని ఏడాది పొడుగునా మంచం దిగలేదు. ఇవేవీ సారు ఫోన్‌లో లేవు. నేను లేచి చెప్పొచ్చు. చెప్పలేదు. కింద కూర్చుని మనసులో ఎగతాళి చేసుకోవడంలో ఉన్న సుఖం నాకు బాగా అలవాటయిపోయింది.

ఇంకొక తిరకాసు మాటలోనే ఉంది. మా చర్చిలో వెలిగించేదాన్ని కొవ్వొత్తి అంటాం. అందులో కొవ్వూ లేదు, ఈగ కట్టిన మైనమూ లేదు. ముడి నూనెలోంచి తీసే పారఫిన్ అది. కానీ బజారులో దాన్నీ మైనమే అంటారు, తుట్టె కరిగిస్తే వచ్చేదాన్నీ మైనమే అంటారు. పారఫిన్ తెల్లగా ఉంటుంది. ఈగ మైనం పసుపుపచ్చగానో, ముదురు గోధుమరంగులోనో ఉంటుంది. కాబట్టి తెల్లగా ఉంటే పారఫిన్, పచ్చగా ఉండి తేనె వాసన వస్తే అసలుది. ఇది మా స్టోర్‌కీపర్‌కు నేను నేర్పిన పాఠం. పరీక్ష చేయడానికి నాకు సీసాలు, కాస్టిక్ సోడా, స్పిరిట్, థర్మామీటరు అన్నీ ఉండేవి. కానీ గంటసేపు స్టవ్ దగ్గర నిలబడటం ఎందుకని, రాను రాను గోటితో గీకి వాసన చూసి రాసేయడం మొదలుపెట్టాను. "మా మేడమ్ ముక్కే ల్యాబ్ అండి" అని స్టోర్‌కీపర్ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నేను కాదనలేదు.

రేపల్లె అవతల, కృష్ణ సముద్రంలో కలిసే వైపు మడ అడవులున్నాయి. అక్కడ ఒక యానాదిపేట. పది పదిహేను ఇళ్లు. మడ పూత మీదికి పెద్ద ఈగ వచ్చి పట్లు పెట్టినప్పుడు ఆ పేటవాళ్లు పాసు తీసుకుని అడవిలోకి వెళ్లి తేనె కోసేవాళ్లు. ఆ పాసు ఇచ్చేది వేరే ఆఫీసు. కానీ సరుకు శుభ్రంగా ఉందని మా కేంద్రం రాస్తేనే మరుసటి పాసు. మా కాగితానికి అంత బలం ఉందని నాకు తెలుసు. తెలిసి కూడా దాన్ని కాగితంగానే చూశాను.

ఆ పేట నుంచి మైనం తెచ్చే ఆవిడకు ఇంచుమించు నా వయసే. తేనె మగవాళ్లు తెచ్చేవాళ్లు. పిండగా మిగిలిన తుట్టె కరిగించి మైనం తీయడం ఆవిడ పని. మొదటిసారి తెచ్చినప్పుడు అది నల్లటి ముద్ద. అందులో ఈగల కాళ్లు, రెక్కలు కనబడుతున్నాయి. నేను వేలితో కూడా ముట్టుకోకుండా బల్ల చివరికి తోశాను.

"ఏంటిది? బొగ్గు తెచ్చినట్టు తెచ్చావు. తెల్లగా తీసుకురా, అప్పుడు చూద్దాం" అన్నాను.

"తెల్లగానే కావాలాండి?" అంది.

"తెల్లగానే."

శుభ్రంగా వడకట్టి తెమ్మని నా ఉద్దేశం. మన ఇళ్లలో గిన్నెలు తెల్లగా తోమమంటాం, అదీ తెలుపేనా? నా నోటికి అలా వచ్చింది. ఆవిడ తల ఊపి, ఆ ముద్దను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. ఆ సంగతి నేను ఆ సాయంత్రానికే మరిచిపోయాను.

నెలన్నర తర్వాత, ఫాల్గుణమాసపు ఎండల్లో ఆవిడ మళ్లీ వచ్చింది. రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో దిగి, అక్కడ బాపట్ల వచ్చే బండి కోసం కూర్చుని, చేరేసరికి మధ్యాహ్నం అయింది. సంచిలోంచి తడిగుడ్డలో చుట్టిన పలకలు తీసి నా బల్ల మీద పెట్టింది. తెల్లగా ఉన్నాయి. మీగడ తెలుపు. ఎక్కడా నలక లేదు. ఆవిడ ముఖంలో ఏదో ఎదురుచూపు ఉంది. ఇప్పుడు తలుచుకుంటే అది ఏంటో తెలుస్తోంది. బాగా చేశావు అన్న మాట కోసం చూస్తోంది.

నాకు ఆ రోజు తొందరగా ఉంది. మర్నాడు సారు ఎవరినో పెద్దవాళ్లను పిలిచారు, ల్యాబ్ గోడలకు చార్టులు అంటించాలి. పలక చూశాను, గోటితో గీకాను, వాసన చూశాను. తేనె వాసన లేదు. కొవ్వొత్తి అనుకున్నాను. నాకు నవ్వొచ్చింది కూడా. బజారులో కొవ్వొత్తులు కొని కరిగించి, నాకే టోపీ పెడదామని చూస్తోందా అనుకున్నాను. రిజిస్టరులో 'కల్తీ' అని రాసి సంతకం పెట్టి, పలకల్ని సీలు చేసి బీరువాలో పెట్టమని చెప్పాను.

"ఏం రాశారమ్మా?" అంది ఆవిడ.

"ఇందులో వేరేది కలిసిందని రాశాను."

"ఏం కలిసిందండి?"

"అది నీకే తెలియాలి."

ఆవిడ ఒక పలకను నావైపు జరిపింది. "మైనంలో ఇంకోటి కలిపితే మళ్లీ ఈగ మాకు పట్టు చూపించదమ్మా. మా అత్త చెప్పింది, వాళ్ల అత్త చెప్పింది. అంత పని నేనెందుకు చేస్తాను? మీరు తెల్లగా తెమ్మన్నారు, తెల్లగా తెచ్చాను."

"ఈగలు చూపిస్తాయో లేదో నాకు తెలియదు, నాకు కనబడింది నేను రాశాను" అన్నాను. చార్టు చుట్ట విప్పుతూ ఈ మాట అన్నాను. ఆవిడ వైపు చూడలేదు. స్టోర్‌కీపర్ వాకిట్లో నిలబడి, "బాగా చెప్పారు మేడమ్" అన్నాడు. అతను మెచ్చుకుంటే ఏదో తేడా ఉందని నాకు అప్పుడే తట్టాల్సింది.

రెండు వారాల్లో ఆ పేట మొత్తానికి పాసు ఆపేశారని తెలిసింది. ఒక్క మనిషి సరుకు గురించి రాసిన ఒక్క మాటకు అన్ని ఇళ్లలో పొయ్యి ఆరిపోయింది. తేనె కోసే కాలం అది, మడ పూత మీద ఉంది. స్టోర్‌కీపర్ ఈ కబురు చెబితే నేను టీ తాగుతూ, "అలా అయితేనే బుద్ధొస్తుంది" అన్నాను. ఈ మాట దాచేయొచ్చు, ఇంకెవరూ వినలేదు, అతను కూడా మరిచిపోయి ఉంటాడు. కానీ ఇది కూడా రాయకపోతే ఇంక రాయడం ఎందుకు?

వైశాఖంలో తెనాలి నుంచి ఒక శిల్పి మా కేంద్రానికి వచ్చాడు. తెనాలిలో విగ్రహాలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇప్పుడు ఎక్కువమంది ఫైబరుతో, ఇనుప ముక్కలతో చేస్తున్నారు. ఈయన మాత్రం తాతల నాటి పద్ధతిలో, ముందు మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి పొదిగి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కంచు పోసేవాడు. ఒక ఊళ్లో బడికి స్థలం ఇచ్చిన పెద్దాయన విగ్రహం చేస్తున్నాడట. మా స్టోరులో, మా ముద్ర ఉన్న పచ్చ మైనం కొన్నాడు. ఆ ముద్ర కింద సంతకం నాదే.

ఆయన కుర్చీలో కూర్చోకుండానే జేబులోంచి గుడ్డ మూట తీసి నా బల్ల మీద విప్పాడు. అందులో ఒక ముక్కు ఉంది. పసుపుపచ్చ రంగులో, ఒక పక్కకి వాలిపోయిన ముక్కు.

"ఇదిగోండమ్మా, పెద్దాయన ముక్కు. పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి గడ్డం మీదికి జారి ఉంది. తీసి అంటిద్దామంటే పెళుసుగా విరుగుతోంది. ఇది మైనం కాదండి. ఎవరు చూశారండి దీన్ని?"

"నేనే చూశాను. తేనె వాసన లేదూ?" అన్నాను, ఇంకా దర్జాగానే.

"వాసనదేముందమ్మా, అత్తరు చల్లితే గోనెసంచి కూడా పరిమళిస్తుంది" అన్నాడాయన.

ఆయన మంచినీళ్లు అడిగితే, ఇద్దామని బీరువా పక్కకు వెళ్లాను. బీరువా తలుపు సరిగా పడదు, అది తెరుచుకుంది. సీలు వేసిన తెల్ల పలకలు ఆయన కంటపడ్డాయి. అడగకుండానే దగ్గరికి వచ్చి, గుడ్డ పక్కన బయటికి కనబడుతున్న అంచును గిల్లాడు. అరచేతిలో బొటనవేలితో మర్దించాడు. తర్వాత నోట్లో వేసుకుని నమిలాడు. నేను వద్దనేలోపు కళ్లు మూసుకుని ఇంకా నములుతూనే ఉన్నాడు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"అది కల్తీ సరుకు. పట్టుకుని పెట్టాం."

ఆయన నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. కోపం కాదు. పెద్ద చదువు చదివినావిడ అనుకుని వచ్చి, కాదని తెలుసుకున్న మనిషి చూపు.

"ఇది ఎండలో తెల్లబెట్టిన ఈగ మైనం అండి. మా తాత తెల్లమైనం అనేవాడు. తడి కుండ అడుగును కరిగిన మైనంలో ముంచి తీస్తే పల్చటి పొర వస్తది. ఆ పొరలు పాత చీర మీద పరిచి, నీళ్లు చిలకరిస్తా, తిరగేస్తా, వారాల తరబడి ఎండబెట్టాలి. ఎవరికండి ఇప్పుడు అంత ఓపిక? నమిలితే చూడండి, ఉండ కట్టింది, పొడి కాలేదు. నేను దీన్ని చూసి నలభై ఏళ్లయింది. చేసినోళ్లు బతికే ఉన్నారా?"

ఆయన్ని కూర్చోబెట్టి స్టవ్ వెలిగించాను. అది నేను చాలా నెలల తర్వాత వెలిగించిన స్టవ్. ఒక సీసాలో ఆ ముక్కు ముక్క, ఇంకో సీసాలో తెల్ల పలక ముక్క వేసి, కాస్టిక్ సోడా కలిపిన స్పిరిట్‌లో మరిగించాను. అసలు మైనమయితే అందులో కరిగి, చల్లారేదాకా తేటగా ఉంటుంది. పారఫిన్ ఉంటే ముందే మబ్బు పడుతుంది. ముక్కు వేసిన సీసా స్టవ్ మీంచి దించానో లేదో తెల్లగా మబ్బు పట్టేసింది. రెండో సీసా తేటగా ఉంది. థర్మామీటరు దిగుతూనే ఉంది, సీసా తేటగానే ఉంది. నా చేతిరాత కూడా దానిలోంచి చదువుకోవచ్చు. రిజిస్టరు దాని వెనకే ఉంది.

తెల్లగా తీసుకురా అన్నది నేనే అని అప్పుడు గుర్తొచ్చింది. బల్ల చివరికి తోసిన ముద్ద, "తెల్లగానే కావాలాండి" అని అడిగిన గొంతు గుర్తొచ్చాయి. నేను నోటికొచ్చినట్టు అన్న మాటను ఆవిడ పనిగా తీసుకుని, అత్త దగ్గర నేర్చిన విద్యనంతా దాని మీద పెట్టింది. పచ్చ రంగు, తేనె ఎసెన్సు కలిపిన పారఫిన్‌కు ముద్ర వేశాను. ఆ విద్యకు కల్తీ అని రాశాను. నా ముక్కు మీద నాకున్న గర్వమంతా ఆ బల్ల మీద వాలిపోయి పడుకుని ఉంది.

మర్నాడు పొద్దున్నే రెండు వాక్యాలు రాసుకుని సారు దగ్గరికి వెళ్లాను. 'ఈ సరుకు స్వచ్ఛమైన తేనెమైనం. మొదటి నివేదిక పరీక్ష చేయకుండా రాసినది.' ఆయన చదివి కళ్లజోడు తీశారు. ఆయనకు ఈగల గురించి తెలియకపోయినా ఆఫీసు గురించి అన్నీ తెలుసు.

"మొదటి వాక్యం బాగుందండి. రెండోది ఎందుకండి?"

"అదే నిజం సార్. రెండోది లేకపోతే ఆవిడ మొదట కల్తీ తెచ్చి, తర్వాత మంచిది తెచ్చినట్టవుతుంది."

"అయితే ఏమయింది? పాసు వచ్చేస్తుంది కదండి, ఆవిడకు కావల్సింది అదే. మీరు పరీక్ష చేయలేదని మీరే రాసిస్తే, ఇన్నాళ్లూ వేసిన ముద్రలన్నీ తిరగేస్తారు. ఎంక్వయిరీ అంటారు. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతున్నారు. సన్మానం చేయించుకుని వెళ్లాల్సినవాళ్లు, ఇదంతా అవసరమా? కొత్తగా శాంపిల్ చూశాం, బాగుంది అని రాయండి. నేను సంతకం పెడతాను."

ఆయన్ని చాలా ఏళ్లు ఎగతాళి చేశాను. ఇప్పుడాయన నన్ను ఏమీ అనలేదు. కాగితం మెల్లిగా నావైపు జరిపి, మీద పెన్ను పెట్టారు. నేను ఎదిరించానని, బల్ల గుద్దానని మీకు చెప్పాలనే ఉంది. అలాంటి కథలు రిటైరయినవాళ్లు చాలా బాగా చెబుతారు, నేనూ కొన్ని విన్నాను. నేను పెన్ను తీసుకుని రెండో వాక్యం కొట్టేశాను. స్టోర్‌కీపర్ పచ్చ మైనం మిగిలినదంతా వెనక గదిలోకి జరిపేశాడు. శిల్పికి ఏదో నచ్చజెప్పి ఊరుకోబెట్టారు.

నా కొత్త నివేదిక పాసులిచ్చే ఆఫీసుకు చేరి, అక్కడి నుంచి ఉత్తర్వు వచ్చేసరికి మృగశిర కార్తె దాటిపోయింది. పోస్టులో పంపితే సరిపోయేది. నేనే తీసుకెళతానన్నాను. బీరువాలో మిగిలిన తెల్ల పలకలు కూడా సంచిలో పెట్టుకున్నాను. రేపల్లెలో దిగి, ఆటోలో రోడ్డు ఆఖరుదాకా వెళ్లి, అక్కడి నుంచి గట్టు మీద నడిచాను. ముప్పై ఏళ్లలో నేను ఆ పేటకు వెళ్లడం అదే మొదలు.

ఆవిడ ఇంటి ముందు వల బాగుచేస్తోంది. నన్ను చూసి లేచి, పీట వేసింది. పాసు వచ్చిందని చెప్పి కాగితం ఇచ్చాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి నాకే తిరిగి ఇచ్చింది.

"చదవండమ్మా. మా కోడలికి చదువొచ్చు గానీ రొయ్యల షెడ్డుకి పోయింది."

చదవడం మొదలుపెట్టాను. నాకూ అప్పుడే తెలిసింది అందులో ఏముందో. కవరు విప్పి చూడటానికి కూడా నేను భయపడ్డాను కాబోలు. 'తదుపరి సరుకు స్వచ్ఛమైనదిగా తేలినందున, ఇది మొదటి తప్పుగా భావించి మన్నించడమైనది.' ఆ చివరి మాట నాకు ముందే కంటబడింది. దాటేయొచ్చు. ఆవిడకు చదువు రాదు. అయినా చదివాను.

"మన్నించారా?" అంది.

"అలా రాశారు."

"ఎవరు ఎవర్నమ్మా మన్నించింది?"

వల మీద ఆవిడ చేయి ఆగలేదు. దారం లాగి ముడి వేస్తూనే ఉంది. నేను ఆఫీసులో చెప్పలేని మాటను అక్కడ చెప్పాను. "తప్పు మీది కాదండి. నాది. నేను పరీక్ష చేయకుండా రాశాను. తెల్లగా తెమ్మన్నదీ నేనే. మీరు తెచ్చింది చాలా గొప్ప మైనం. తెనాలి శిల్పి ఒకాయన చూసి మీ గురించి అడిగాడు."

ఆవిడ తల ఎత్తి నన్ను పరీక్షగా చూసింది. "నన్ను 'మీరు' అంటున్నారేంటమ్మా? మళ్లీ ఏదన్నా రాశారా?"

ఆవిడ నవ్వలేదు. నేను నవ్వుదామనుకున్నాను గానీ రాలేదు. ఇన్నాళ్లూ ఆవిడను నువ్వు అన్నానని నాకు అప్పటిదాకా తెలియనే లేదు.

"పాసుతో ఇప్పుడు అడవిలోకి వెళ్లొచ్చండి" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఏముందమ్మా ఇప్పుడు? పూత అయిపోయింది, ఈగ లేచిపోయింది. పట్టు లేకుండా పాసెందుకు? కొత్త పూతకు చూద్దాం" అంది. ఆ ఏడు మగవాళ్లు చెరువుల్లో పీతలకు, కోడళ్లు రొయ్యల షెడ్డుకు పోయారని చెప్పింది. కోడలు అక్కడే కుదురుకుందట. మైనం పని నేర్చుకోనందట. ఈ మాటలు చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో నా మీద కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

సంచిలోంచి తెల్ల పలకలు తీసి ముందు పెట్టాను. ఆవిడ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలు నొక్కింది. వేలిముద్ర స్పష్టంగా పడింది. కాసేపు దాన్నే చూసి, మళ్లీ గుడ్డలో చుట్టేసింది.

"ఆ తెనాలాయనకి ఇచ్చేయండి. ఆయనకు తెలుసు కదా."

"ఆయన ఇంకా కావాలంటున్నాడండి. మీరు చేస్తే..."

"తెల్లబెట్టడం మానేశానమ్మా. ఇంక చెయ్యను. తెల్లగా చేస్తే దొంగ అన్నారు. పేటంతా నా మీద పడింది. మా పెద్దోడు వారం రోజులు నాతో మాట్లాడలేదు."

ఇది చెప్పినప్పుడు మాత్రం ఆవిడ కళ్లు తిప్పుకుంది. నేను పీట మీద ముడుచుకుని కూర్చున్నాను. మీకు ఒక్క సంగతి చెప్పాలి. మనం రాసే మాట మన బల్ల దగ్గర ఆగదు. రైలెక్కి, ఆటో ఎక్కి, గట్టు మీద నడిచి ఎవరో ఒకరి ఇంట్లోకి వెళ్లి అక్కడ కూర్చుంటుంది. దాన్ని వెనక్కి తేవడానికి ఇంకో మాట పంపినా, అది వెళ్లేసరికి ఇల్లు మారిపోయి ఉంటుంది. ఏడాదిన్నర తర్వాత నాకు సన్మానం జరిగింది. సారు శాలువా కప్పి, నేను మచ్చలేని ఉద్యోగం చేశానని మెచ్చుకున్నారు. ఆ మాట నిజం కాదని మా ఇద్దరికీ తెలుసు. అయినా శాలువా తీసుకున్నాను.

తెనాలి శిల్పి ఆ తెల్ల పలకలతో పెద్దాయనకు కొత్త ముక్కు చేశాడు. తర్వాత మట్టి పొదిగి, మైనం కరిగించి తీసేసి కంచు పోశాడు. ఆ విగ్రహం ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది. ఎండకీ వానకీ ముక్కు చెక్కుచెదరలేదు. ఆ ముక్కు ఎవరి మైనంలో పుట్టిందో బోర్డు మీద ఎవరూ రాయలేదు, రాయరు కూడా.

ఆ రోజు పేట నుంచి తిరిగి బయల్దేరబోతూ, మళ్లీ రాలేనేమో అనిపించి, సిగ్గు విడిచి అడిగాను. "నా మడమలు బాగా పగులుతున్నాయండి. ఏమైనా ఉంటే కొంచెం మైనం ఇస్తారా?"

ఆవిడ లేచి లోపలికి వెళ్లి, చేతిలో ఒక ముద్దతో వచ్చింది. నల్లగా, వడకట్టకుండా, ఈగ కాళ్లూ రెక్కలూ అంటుకుని ఉన్న ముద్ద. నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"ఇదయితే మీకు కూడా తెలిసిద్దిలెండి" అంది.